శివారు చెరువు గండి: తూము మార్చి కట్ట కట్టిన పని డైరీ

చెరువు గోదావరి తూర్పు డెల్టా అంచున ఉంది. మెట్ట వాలు అయిపోయి పల్లం మొదలయ్యే చోటు. పైన సుమారు 60 హెక్టార్ల మెట్ట మీద పడ్డ వాననీరు దీంట్లోకే దిగుతుంది. ధవళేశ్వరం నీళ్లు తెచ్చే పిల్లకాలువ చివరి బోదె కూడా దీంట్లోనే కలుస్తుంది. కట్ట పొడవు 420 మీటర్లు, నిండితే నీళ్లు పరుచుకునే మేర 14 ఎకరాలు. కిందటి అక్టోబరు వానల్లో తూము దగ్గర 18 మీటర్ల గండి పడింది. ఆ గండి పూడ్చి, పాత తూము తీసేసి కొత్తది పెట్టే పని ఇది.

మట్టాలన్నీ చెరువు అడుగును సున్నాగా పెట్టుకుని రాస్తున్నాం. తూము గడప +0.3 మీ., ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) +2.1, వరద మట్టం +2.4, కట్ట తల +3.3. తల వెడల్పు 2.5 మీ. లోపలి వాలు 2.5కి 1 (అడ్డం 2.5, నిలువు 1), బయటి వాలు 2కి 1.

ఏప్రిల్ మూడో వారం: ముందు నీళ్ల లెక్క

కాలువలకు నీళ్లు ఆపేశారు. చెరువు అడుగు ఎండింది, మట్టాలు తీయడానికి ఇదే అదను. 20 మీటర్ల గళ్లలో లెవెల్ తీస్తే సగటు లోతు 1.6 మీ. తేలింది. 14 ఎకరాలంటే 5.67 హెక్టార్లు. అంటే నిండు చెరువులో సుమారు 90,000 ఘనపు మీటర్లు.

రికార్డులో ఆయకట్టు 70 ఎకరాలు. ఆ అంకె పట్టుకుని తూము సైజు వేస్తే పని మొదట్లోనే తప్పుతుంది. ఈ చెరువు డిసెంబరు మొదటికి నిండాలి, కాలువ వంతులు పలచబడే మార్చిలో దాళ్వా (రెండో పంట) వరి చేలకు ఇవ్వాలి. ఆ 100 రోజుల్లో ఆవిరికీ ఇంకుడుకీ కలిపి రోజుకు 6 మి.మీ. వేసుకున్నా 60 సెం.మీ. నీళ్లు పోతాయి, అంటే 33,000 ఘ.మీ. తూము గడప కింద చిక్కుకునేది 8,000. మిగిలిన 49,000లో బోదెల్లో అయిదో వంతు పోతే చేను చేరేది 39,000 చిల్లర. ఒక ఎకరాకు 5 సెం.మీ. తడి అంటే 202 ఘ.మీ. నల్లనేలలో వరికి మార్చి ఎండకు ఆ తడి ఆరు రోజులు ఆగుతుంది. పొట్ట దశ నుంచి గింజ గట్టిపడేదాకా ఆరు తడులు కావాలి. ఈ లెక్కన నిండు చెరువు 32 ఎకరాలను గట్టెక్కిస్తుంది. 70కి పంచితే ఎవరి చేనూ పూర్తిగా తడవదు. ఈ మాట పని మొదలెట్టకముందే రైతులందరి ముందూ చెప్పుకోవాలి, చెప్పుకున్నాం.

ఏప్రిల్ ఆఖరు: గండిని చదవడం

గండి పూడ్చే ముందు రెండు అంచులూ పారతో నిలువుగా చెక్కి చూశాం. కట్ట మట్టి బాగానే ఉంది. గట్టి నల్లమన్ను, పొరలు కూడా కలిసిపోయి ఉన్నాయి. వాన నీరు కట్ట తల దాకా వచ్చిన గుర్తులు ఎక్కడా లేవు. అంటే కట్ట పొర్లి తెగలేదు, లోపలినుంచే పోయింది.

పాత తూము ఇటుక గొట్టం. సున్నం పోయి కీళ్లు ఖాళీ అయ్యాయి. ఏనాడో దాని కింద పరుపుగా ఇసుక వేశారు. ఆ ఇసుకే నీటికి దారి అయింది. గొట్టం పక్కన మట్టి పిడికెడు పిడికెడుగా బయటికి కొట్టుకుపోయి బుంగ పడింది, బుంగ పెరిగి పైకప్పు కూలింది, అదే గండి. మూడేళ్లుగా తూము బయటి వైపు ఎర్రనీళ్లు కారేవని చుట్టుపక్కల రైతులు చెబుతున్నారు. ఊట తేటగా ఉంటే కొన్నాళ్లు చూడొచ్చు. రంగు నీళ్లు వస్తే కట్ట లోపల మట్టి ఖర్చవుతోందని అర్థం.

లోపలినుంచి తెగే మట్టికట్ట ఉత్త మట్టి దగ్గర తెగడం అరుదు. మట్టి ఇంకొకదాన్ని ఆనుకున్న చోట తెగుతుంది. గొట్టానికి, రాతిగోడకు, పాత మట్టికి, చచ్చిన వేరుకు ఆనుకున్న చోట. కింద రాసిన పనిలో సగం పైన ఆ అతుకుల కోసమే.

మే మొదటి వారం: మట్టి ఎంపిక

మూడు మట్లు దొరుకుతున్నాయి. చెరువు అడుగు నల్లమన్ను, అర కిలోమీటరు లోపు ఒండ్రు, మెట్ట నుంచి ఎర్ర గరప. ఒండ్రు దగ్గర, చవక, తవ్వడం తేలిక. చేనుకు బంగారం. కట్టకు మాత్రం అది పనికిరాదు. అందులో పట్టు తక్కువ, నీళ్లు కదిలితే దాంతో పాటే కదులుతుంది.

పరీక్షలు ఇక్కడే చేసుకోవచ్చు. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి గిలకొట్టి ఒక రోజు ఉంచితే ఇసుక, ఒండ్రు, బంక విడివిడిగా పేరుకుంటాయి. అసలు తప్పించకూడని పరీక్ష ఇంకోటి ఉంది. శనగగింజంత తడిమట్టి బెడ్డను గ్లాసు నీళ్లలో కదపకుండా వదిలి పది నిమిషాలు చూడాలి. బెడ్డ విరిగి కుప్పగా కూర్చుంటే ఫరవాలేదు. చుట్టూ పాలలాంటి మబ్బు లేచి గ్లాసు అడుగంతా పాకితే అది కరిగిపోయే మట్టి. తూము చుట్టూ అది వేస్తే ఎంత కుదించినా బుంగ పడుతుంది. ఈ పరీక్షకు బోరు నీళ్లు వాడకూడదు. నీళ్లలోని ఉప్పు మబ్బును లేవనివ్వదు, చెడ్డ మట్టి కూడా మంచిదిగా కనబడుతుంది. దుకాణంలో దొరికే బ్యాటరీ నీళ్లు వాడాలి.

చెరువు అడుగున అయిదు గుంతల నుంచి తీసిన నమూనాల్లో నాలుగు నిలబడ్డాయి. మురుగు కాలువ వైపు గుంత మట్టికి మబ్బు లేచింది. చౌడు తగిలిన మూల అది. దాన్ని వదిలేశాం.

నల్లమన్ను ఒక్కదానితోనే కట్ట కట్టినా చిక్కే. ఎండాకాలం నెర్రెలు ఇస్తుంది, వానకు ఉబ్బుతుంది. అందుకని లోపలి గుండె నల్లమన్ను, బయట 45 సెం.మీ. మందాన గరప తొడుగు, తలమీద 20 సెం.మీ. గరప. తొడుగు కింద ఉన్న నల్లమన్ను చెమ్మ పోగొట్టుకోదు, కాబట్టి పగలదు.

పరిమాణం: గండి అంచులను 3కి 1 వాలుగా చెక్కాక పూడ్చాల్సింది 833 ఘ.మీ., కింద కీ ట్రెంచికి (కట్ట నేలలోకి పట్టు దిగేలా తవ్వే గాడి) ఇంకో 66, కలిపి 900. ఇది కుదించిన కొలత. గోతిలో 1,000 ఘ.మీ. తవ్వాలి, ట్రక్కులో వదులుగా అది 1,280 దాకా అవుతుంది. ట్రాక్టరు ట్రక్కుకు 3 ఘ.మీ. లెక్కన సుమారు 425 ట్రిప్పులు. కాంట్రాక్టు ట్రిప్పుల్లో మాట్లాడుకుంటే కొలత ఎక్కడ తీస్తున్నామో ముందే రాసుకోవాలి. వదులు మట్టికీ కుదించిన మట్టికీ మధ్య తేడా మూడో వంతు పైనే.

గోతి కట్ట లోపలి పాదానికి కనీసం 15 మీ. దూరంలో ఉండాలి, లోతు ఒక మీటరు దాటకూడదు. ఇంకా లోతుకు వెళితే బంక పొర చిరిగి కింద ఇసుక బయటపడే ప్రమాదం డెల్టాలో ప్రతిచోటా ఉంది.

మే రెండో వారం: అడుసు తీయడం

గండి కోసిన మడుగులో నీళ్లు తోడటానికి ఆయిల్ ఇంజను ఒకటి. నీళ్లు పోయాక అడుగున మోకాలి లోతు రొంపి. దానిమీదే మట్టి పోసేస్తే ఎవరికీ కనబడదు, తొలి నిండుకే కట్ట కుంగుతుంది. చేతి కర్ర బలంగా గుచ్చితే దిగనంత గట్టి నేల వచ్చేదాకా తీయించాం, 70 సెం.మీ. పోయింది. మేలో కూడా మీటరు లోతుకే ఊట తగిలింది. ట్రెంచి లోపల కాకుండా బయటి వైపు మూలన గుంత తీసి, ఊటను అక్కడికి మళ్లించి తోడుతూ ఉండాలి. మొదటి నాలుగు పొరలు అయ్యేదాకా ఇంజను ఆపలేదు.

పాత కట్ట అంచులు నిలువుగా వదిలి కొత్త మట్టి పోయకూడదు. కొత్త మట్టి కుంగుతుంది, పాతది కుంగదు, మధ్యలో నిలువు నెర్రె తెరుచుకుంటుంది. 3కి 1 వాలు చెక్కి, దానిమీద 30 సెం.మీ. మెట్లు కోసి, ప్రతి మెట్టునూ తడిపి గీరి, అప్పుడే కొత్త పొర.

మే మూడో వారం: తూము

300 మి.మీ. ఆర్‌సీసీ హ్యూమ్ పైపు (ఇనుప కడ్డీల కాంక్రీటు గొట్టం), మధ్యరకం బరువు మోసే ఎన్‌పీ3 రకం. ఆరు రోజుల వంతులో 32 ఎకరాలకు తడి ఇవ్వాలంటే బోదె నష్టంతో కలిపి 8,080 ఘ.మీ. వదలాలి. రోజుకు పది గంటలు తెరిస్తే సెకనుకు 37 లీటర్లు. నిండుగా ఉన్నప్పుడు ఈ పైపు దానికి మూడింతలకు పైగానే ఇస్తుంది, షట్టర్ దించుకోవాలి. కానీ నీళ్ల ఒత్తు (పైపులోకి నీటిని తోసే ఎత్తు) 10 సెం.మీ.కు పడిపోయిన చివరి రోజుల్లో కూడా 59 లీటర్లు ఇస్తుంది. తూము సైజు నిర్ణయించేది ఆ చివరి రోజులే.

తూము మట్టం దగ్గర కట్ట వెడల్పు 16 మీ. 2.5 మీ. పైపులు ఏడు. సిమెంటు కాలరు అతుకులు వద్దనుకున్నాం. కట్ట కాస్త కుంగితే అవి పగులుతాయి. రబ్బరు రింగు ఉండే సాకెట్ పైపులు వేశాం. వరస ఇది: ముందు కాంక్రీటు దిమ్మల మీద పైపులు కూర్చోబెట్టడం, వాలు చూడటం, బయటి మూతి మూసి నీళ్లు నింపి ఒక పగలూ రాత్రీ వదలడం, అతుకులు ఎండుగా ఉంటేనే కాంక్రీటు. మూడో అతుకు చెమర్చింది. రింగు మెలిపడి కూర్చుంది. విప్పి మళ్లీ ఎక్కించి ఇంకో రోజు ఆగాం. కాంక్రీటు పోశాక ఇది తెలిస్తే చేసేదేమీ ఉండదు.

పైపు కింద ఇసుక పరుపు వేయలేదు. గుండ్రటి పైపు పొట్ట కింద మట్టిని దిమ్మిసతో కుదించడం ఎవరివల్లా కాదు, అక్కడ వదులు మిగులుతుంది. అందుకని అడుగున 15 సెం.మీ., పక్కల సగం ఎత్తు దాకా కాంక్రీటు తొట్టి. 1:2:4 పాళ్లు, 3.5 ఘ.మీ., 23 బస్తాల సిమెంటు. తొట్టి పక్కలు నిలువుగా కాక కాస్త లోపలికి వాల్చి, గరుకుగా వదిలాం. పైనుంచి కుదించే మట్టి ఆ వాలుకు అదుముకుంటుంది.

పాత పద్ధతిలో పైపు పొడవునా కాంక్రీటు పలకలు అడ్డం పెట్టేవారు. పలక పక్కన మట్టి కుదించడానికి చోటుండదు, నీళ్లు పలకను చుట్టి వస్తాయి. దానికి బదులు బయటి వైపు మూడో వంతులో పైపు చుట్టూ ఇసుక వడపోత పెట్టాం. మందం 90 సెం.మీ., పైపుకు ఇరుపక్కలా, పైనా 90 సెం.మీ., అక్కడినుంచి బయటి పాదం దాకా ఇసుక పట్టీ. మొత్తం 4.5 ఘ.మీ. పైపు వెంట ఊట వచ్చినా ఇక్కడ నీళ్లు మాత్రమే దాటతాయి, మట్టి ఆగిపోతుంది. పట్టీకి బయట మూతి లేకపోతే వడపోత కాస్తా నీళ్ల తొట్టి అవుతుంది.

ఇసుక గోదావరిదే, ముతకది, కడిగింది. సముద్రపు ఇసుక సన్నం, ఉప్పు కూడా. చెమ్మగా ఉన్న ఇసుకను డబ్బాలో అదిమి బోర్లించి, దాని చుట్టూ నీళ్లు పోయాలి. కుప్ప వెంటనే కూలిపోతే మంచిది. నిలబడితే అందులో మన్ను ఉంది. అలాంటి ఇసుక కట్ట లోపల పగులు వస్తే జారి పూడుకోదు.

షట్టర్ లోపలి వైపే. స్క్రూ కడ్డీ, పైన చక్రం. బయటి వైపు షట్టర్ పెడితే ఏడాది పొడవునా కట్ట గర్భంలో పైపు ఒత్తిడితో ఉంటుంది. ముందు 5 సెం.మీ. సందుల ఇనుప జాలీ, గుర్రపుడెక్క కోసం. జాలీని వాలుగా పెట్టాం, గడ్డపారతో పైకి లాగడానికి.

మే నాలుగో వారం: పొరలు

ఒక్కో పొర వదులుగా 22 సెం.మీ., కుదించాక 15. చెమ్మే అసలు కిటుకు. మట్టిని అరచేతుల మధ్య దారంలా చుడితే అగ్గిపుల్ల కంటే కాస్త లావున విరగాలి. ఇంకా సన్నగా సాగితే తడి ఎక్కువ, చుట్టకముందే పొడి అయితే తక్కువ. గోతిలో 12 శాతం ఉన్న చెమ్మను 19కి తేవాలి. 900 ఘ.మీ. మట్టికి అది లక్ష లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 20. నీళ్లు కట్ట మీద చల్లితే పైన జిగురు, లోపల పొడి. ముందురోజు సాయంత్రం గోతిలోనే పారించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున తవ్వాలి.

నున్నటి వైబ్రేటర్ రోలర్ గరపకు మంచిది. నల్లమన్నుపై అది అద్దంలా మెరిసే పొర చేస్తుంది, పై పొర దానికి అంటదు, రెండింటి మధ్య నీళ్లకు దారి. డ్రమ్ము చుట్టూ పొట్టి పాదాలు ఉండే షీప్‌ఫుట్ రోలర్ తెచ్చాం, పొరకు పది సార్లు తిప్పాం. కొత్త పొర వేసే ముందు కల్టివేటర్‌తో 5 సెం.మీ. గీరడం తప్పనిసరి.

పైపు పక్కన 60 సెం.మీ. లోపు రోలర్ రానివ్వలేదు. 10 సెం.మీ. పొరలు, చేతి దిమ్మిస, ఇరుపక్కలా సమంగా. ఇక్కడి మట్టి మామూలు కంటే రెండు శాతం తడిగా ఉండాలి, కాంక్రీటుకు మెత్తగా అతుక్కోవాలి. ఈ నలభై గంటల పనికే కూలీలు విసుగుపడతారు, ఇక్కడే మనిషి దగ్గరుండాలి.

కోర్ కట్టర్ పరీక్ష (పొరలోకి గొట్టం దించి, అందులో వచ్చిన మట్టిని తూచడం) పొరకు రెండు. ల్యాబ్ ఇచ్చిన గరిష్ఠ పొడి సాంద్రత (బాగా కుదించిన మట్టి బరువు, చెమ్మ తీసేసి) సీసీకి 1.66 గ్రాములు. ఆరో పొరలో 1,021 సీసీ గొట్టంలో తడిమట్టి 1,960 గ్రాములు, చెమ్మ 19 శాతం, పొడి సాంద్రత 1.61, అంటే 97 శాతం. పాస్. తొమ్మిదో పొర 1,760 గ్రాములు, చెమ్మ 14, పొడి సాంద్రత 1.51, 91 శాతం. మధ్యాహ్నం వడగాలికి పరిచిన మట్టి గంటన్నరలో ఎండింది. ఆ పొర గీరి, తడిపి, మళ్లీ తొక్కించాం. అప్పటినుంచి మట్టి పరవడం 11 లోపు, తిరిగి 4 తర్వాత.

గండి నడుమ తలను 15 సెం.మీ. ఎక్కువ ఎత్తు చేశాం, కుంగుడు కోసం. చూడటానికి మూపురంలా ఉంటుంది, అలాగే ఉండాలి.

జూన్ మొదటి వారం: రాయి, గడ్డి, చెట్లు

కొత్త భాగం 38 మీటర్లకు +0.5 నుంచి +2.9 దాకా 15 సెం.మీ. గరప మీద 30 సెం.మీ. రాతి కట్టుడు, రాయి 74 ఘ.మీ. మిగతా కట్టకు రాయి ఖర్చు భరించలేం, నీటి అంచున వట్టివేళ్లు రెండు వరసలు. బయటి వాలు మీద గరిక.

కట్ట మీద కొబ్బరిచెట్లు తొమ్మిది ఉన్నాయి. కాయ వస్తుందని ఉంచమంటారు. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. కట్ట మీది చెట్టు కూలితే వేళ్లతో పాటు బండెడు మట్టిని లేపుతుంది, అదీ చెరువు నిండుగా ఉన్న రాత్రి. తొమ్మిదీ తీయించాం. మొదలు కోసి వదలకుండా వేళ్ల బుర్ర తవ్వి, మెట్లుగా చెక్కి పొరలుగా పూడ్చాం. తుమ్మ మొక్కలు కూడా వేళ్లతోనే.

పీతల బొరియలు 31, పందికొక్కు కన్నాలు 4. మూతి మూస్తే పని కాదు. పీత బొరియల్లో పలచని బంకమట్టి జావ గరాటుతో పోస్తూ, మట్టం దిగడం ఆగేదాకా నింపాం. పందికొక్కు కన్నాలు మాత్రం చివరిదాకా తవ్వాల్సిందే. ఒకటి కట్టలో 1.8 మీ. లోపలికి పోయింది.

జూన్ మూడో వారం: అలుగు

లెక్క చిన్నదే. 60 హెక్టార్లు, గంటకు 50 మి.మీ. వాన, వానలో చెరువుకు పారి వచ్చే వంతు 0.4 వేస్తే సెకనుకు 3.3 ఘ.మీ. అలుగు మీద 30 సెం.మీ. నీళ్లు పారడానికి 12 మీ. పొడవు కావాలి. ఉన్నది 9. మూడు మీటర్లు పెంచాం. గోడ కట్టలోకి 2 మీ. చొప్పించి, ఆనుకున్న మట్టిని తూము దగ్గరలాగే చేత్తో కుదించాం.

అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చడం, చేపలు పోకుండా వల కట్టడం రెండూ ఆపాలి. వలలో గుర్రపుడెక్క చిక్కితే అది గోడే. 30 సెం.మీ. బస్తాలు వేస్తే వరద మట్టం కట్ట తలకు 60 సెం.మీ. దూరంలోకి వచ్చేస్తుంది, తుపాను గాలికి అలలు మిగతా పని చేస్తాయి. చేపల పాటదారు కాగితంలో ఈ షరతు రాయించాం.

సెప్టెంబరు, అక్టోబరు: తొలి నిండు

రోజుకు 30 సెం.మీ. మించి మట్టం పెరగనివ్వలేదు. బోదె నుంచి సెకనుకు 50 లీటర్లు వస్తే రోజుకు 4,320 ఘ.మీ. దాన్ని ఆపగలం, వానను ఆపలేం, అందుకే తూము షట్టర్ దగ్గర మనిషి. +1.1 దగ్గర వారం ఆపి బయటి పాదమంతా చెప్పులు లేకుండా నడిచి చూశాం. తడి కంటికంటే ముందు కాలికి తెలుస్తుంది.

బయటి పాదంలో ఊట కొలవడానికి 90 డిగ్రీల వీ నాచ్ రేకు పెట్టాం (వీ ఆకారంలో కోసిన రేకు, అందులో పారే నీటి ఎత్తును బట్టి ఊట ఎంతో తెలుస్తుంది). +1.1 దగ్గర ఊట లేదు. +1.8 దగ్గర ఇసుక పట్టీ మూతి నుంచి తేటనీళ్లు, నాచ్‌లో 2 సెం.మీ. పట్టీ నుంచి రావడం మంచిదే, రావాల్సిన దారి అదే.

కుడి చివర పాత కట్ట పాదంలో అరచేతి వెడల్పున ఇసుక ఉడుకుతున్నట్టు ఒక ఊట లేచింది. మట్టితో మూయబోతే ఆపాం. మూస్తే పక్కన ఇంకో చోట లేస్తుంది. ముందు ముతక ఇసుక 20 సెం.మీ., దానిమీద చిన్న కంకర, పైన రాయి వేసి, చుట్టూ ఇసుక బస్తాల గుండ్రం కట్టాం. నీళ్లు వచ్చాయి, ఇసుక ఆగింది.

డిసెంబరు రెండో వారం

మట్టం +2.05. నాచ్ 3 సెం.మీ., అంటే నిమిషానికి 13 లీటర్లు, తేట. కొత్త భాగం 6 సెం.మీ. కుంగింది, మూపురంలో ఇంకా 9 మిగిలింది.

ఎడమ అతుకు దగ్గర తలకు అడ్డంగా నెర్రె, 6 మి.మీ. వెడల్పు. కట్ట పొడవునా వచ్చే నెర్రె కంటే అడ్డంగా వచ్చేది ప్రమాదం, నీళ్లకు సూటి దారి. సున్నపు నీళ్లు పోసి, తెల్ల గీత ఎక్కడిదాకా దిగిందో తవ్వి చూశాం. 40 సెం.మీ. నీటిమట్టానికి 85 సెం.మీ. పైనే ఆగింది. కారణం ఆ వైపు కోసిన పై రెండు మెట్లు నిలువుగా మిగిలిపోవడం, తల మీద ట్రక్కుల దారికోసం తొందరపడ్డ చోటు. 60 సెం.మీ. లోతు, అర మీటరు వెడల్పున తవ్వి, అంచులు వాల్చి, తడి నల్లమన్నుతో 10 సెం.మీ. పొరల్లో దిమ్మిస వేసి, పైన గరప కప్పాం. ఇరుపక్కలా మేకులు కొట్టి మధ్య దూరం రాసుకున్నాం: 1,204 మి.మీ. వారానికోసారి కొలవాలి. ఫిబ్రవరి ఆఖర్లో షట్టర్ తెరిచే ముందు జాలీ శుభ్రం చేయాలి, 32 ఎకరాల వంతుల పట్టిక బోదె మొదట్లో పలక మీద రాయాలి.